డాబా కారుతుంటే: మేస్త్రీ మాట, పెయింటు షాపు మాట, బావమరిది మాట

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గర 2008లో కట్టిన డాబా ఇల్లు, స్లాబు 1,100 చదరపు అడుగులు. వాన నీళ్లు దిగడానికి ఒకే వైపు రెండు మూలల్లో మూడంగుళాల పైపులు రెండే ఉన్నాయి. అక్టోబరు వానలకు హాల్లో ఫ్యాను దగ్గర చుక్కలు పడుతున్నాయి, వాన వెలిశాక కూడా రెండు మూడు రోజులు ఆగడం లేదు. పడగ్గది మూలన చెమ్మ, అక్కడే ఒక పెచ్చు ఊడి ఇనుము కనబడుతోంది. మేస్త్రీ గారు పైన ఇంకో రెండంగుళాలు సిమెంటు పోద్దామంటున్నారు. పెయింటు షాపాయన ఒక బకెట్ కోటింగ్ చాలంటున్నాడు. మీ బావమరిది ఈ గొడవంతా ఎందుకు, రేకుల షెడ్డు వేసెయ్యమంటున్నాడు. మూడింట్లో ఏది?

సూటిగా చెప్పాలంటే మూడూ కాదండి, ఇప్పుడప్పుడే కాదు. ముందు ఆ ఊడిన పెచ్చు సంగతి చూడాలి, అది ఆగే పని కాదు. తర్వాత డాబా మీద మడి కట్టి, అంటే గట్టు వేసి నీళ్లు నిలిపి, అవి ఎక్కడి నుంచి దిగుతున్నాయో కనుక్కోవాలి. ఆ తర్వాత నీళ్లు పోయే దారి, అంటే పైపులూ వాలూ సరిచేయాలి. పిట్టగోడ మొదలు, పైపు మూతులు, పగుళ్లు మూయాలి. పెయింటు షాపాయన చెప్పే పూత అనేది వీటన్నిటి తర్వాత. డాబా కారేది పైన పూత లేక కాదు, నీళ్లు నిలబడటం వల్లా, రెండు వస్తువులు కలిసే కీళ్ల దగ్గరా. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన డబ్బా తెచ్చి పోసినా రెండో వానాకాలానికి మళ్లీ కింద బకెట్ పెట్టుకోవాల్సిందే.

"ఫ్యాను దగ్గర కారుతోంది కాబట్టి కన్నం సరిగ్గా దాని పైనే ఉంది"

చాలామంది ఇక్కడే పొరబడతారు. స్లాబు పోసేటప్పుడే అందులో కరెంటు వైర్ల కోసం గొట్టాలు పడుకోబెడతారు. అవన్నీ వచ్చి చేరేది ఫ్యాను డబ్బాలోకే. ఎక్కడో పది పన్నెండు అడుగుల దూరంలో, పిట్టగోడ పక్కన పగులులోంచి దిగిన నీరు గొట్టానికి తగిలిందంటే, దాని వెంబడి నడిచి వచ్చి ఫ్యాను దగ్గర చుక్క కడుతుంది. ఫ్యాను పైన నాలుగడుగులు పగలగొట్టి, కొత్తగా గచ్చు చేయించి, మళ్లీ కారుతోందని తల పట్టుకునేవాళ్లు ఈ లెక్క తెలియక అలా చేస్తారు. అన్నట్టు, ఆ డబ్బాలోకి నీళ్లు వస్తున్నంతకాలం ఆ గది ఎం.సి.బి. (మీటరు దగ్గరి బోర్డులో ఉండే కరెంటు ఆపే స్విచ్చు) దించి ఉంచండి. తడిచేత్తో ఫ్యాను రెగ్యులేటరు ముట్టుకోకండి.

మీరు చెప్పినదాంట్లో అసలు ఆధారం ఇంకొకటి ఉంది: వాన వెలిశాక కూడా మూడు రోజులు చుక్క పడటం. స్లాబులో నిలువుగా పగులు మాత్రమే ఉంటే, పైన నీళ్లు అయిపోగానే కొన్ని గంటల్లో చుక్క ఆగిపోతుంది. రోజుల తరబడి సాగుతోందంటే స్లాబుకీ దాని మీది గచ్చుకీ మధ్య నీళ్లు చేరి నిలవున్నాయన్నమాట. గచ్చు కింద ఒక చిన్న చెరువు ఉంది. సుత్తి వెనక్కి తిప్పి, అడుక్కొకసారి చొప్పున డాబా అంతా తట్టుకుంటూ వెళ్లండి. అంటుకుని ఉన్నచోట గట్టిగా, పొట్టిగా మోగుతుంది. లేచిపోయినచోట కుండ తట్టినట్టు డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్నంతమేర సుద్దముక్కతో గీసుకోండి. ఆ గీత చూస్తే మీకే తెలుస్తుంది, ఎంత తీయాలో.

వాన లేని రోజుల్లో కూడా చెమ్మ అలాగే ఉంటే అనుమానం డాబా మీద కాదు, పైనున్న ట్యాంకు మీద, దాని పైపుల మీద పెట్టుకోండి. ట్యాంకు నిండి పొర్లే నీరు దిమ్మె కిందికి చేరి ఏడాది పొడుగునా ఊరుతుంది. ట్యాంకు ఖాళీ చేసి నాలుగు రోజులు ఆగితే తేలిపోతుంది.

మడి కట్టి చూడటం

స్లాబు పోసిన కొత్తల్లో క్యూరింగుకి మడులు కట్టి నీళ్లు పెడతాం కదా, అదే పని. డాబాని మూడు నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగం చుట్టూ బంకమట్టితోగాని పలచటి సిమెంటుతోగాని మూడంగుళాల గట్టు వేయండి. మొదటిసారి గట్టుని పిట్టగోడకి ఒక అడుగు ఎడంగా ఉంచండి. రెండంగుళాల నీళ్లు పోసి 48 గంటలు ఉంచండి. కింద చుక్క రాలేదనుకోండి, గట్టు తీసి ఈసారి నీళ్లు పిట్టగోడ మొదలుకి తగిలేలా పెట్టండి. ఇప్పుడు వచ్చిందంటే దోషం స్లాబులో కాదు, గోడ మొదట్లో. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం ఖర్చు మిగలొచ్చు. పైపు మూతికి గుడ్డ కుక్కి, దాని చుట్టూ విడిగా చిన్న మడి కట్టి ఇంకోసారి చూడండి. ఒక భాగం ఆరాకే ఇంకో భాగం మొదలెట్టాలి. లేకపోతే ఏ మడి నీరు ఎక్కడ దిగిందో తెలియదు.

రెండంగుళాల నీరంటే చదరపు మీటరుకి 50 కిలోల బరువు. బాగున్న స్లాబుకి అది లెక్కలోది కాదు. అయితే మీ పడగ్గది మీది భాగంలో ఇనుము ఎంత తిన్నదో చూసేదాకా అక్కడ మాత్రం మడి కట్టకండి.

మేస్త్రీ గారి రెండంగుళాలు

"పైన ఇంకో పొర పోస్తే గట్టిపడుతుంది" అనేది మన వైపు బాగా పాతుకుపోయిన నమ్మకం. లెక్క వేద్దాం. 1,100 చదరపు అడుగులంటే 102 చదరపు మీటర్లు. రెండంగుళాల మందం సిమెంటు ఇసుక, ఘనపు మీటరు 2,100 కిలోల చొప్పున చూస్తే మొత్తం పదిన్నర టన్నులు పైమాటే. రెండు ఏనుగుల్ని డాబా ఎక్కించి ఎప్పటికీ దించకుండా ఉంచినట్టు. మనుషులు తిరిగే డాబాకి ఇంజనీర్లు సాధారణంగా లెక్కగట్టే బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. ఈ కొత్త పొర ఒక్కటే అందులో వందకి పైగా తినేస్తుంది. ఇనుము తుప్పుపట్టిన స్లాబు మీద ఇంత బరువు పెట్టడం మంచిది కాదండి.

బరువు సంగతి అలా ఉంచినా అది పని చేయదు. పాత గచ్చు డొల్లగా ఉంటే కొత్తది దాని మీద అతుక్కున్నా ఉపయోగం లేదు, కిందిది స్లాబుని పట్టుకుని లేదుగా. కొత్త పొర ఆరేటప్పుడు ముడుచుకుని వెంట్రుక పగుళ్లు తెస్తుంది. అందులోంచి దిగిన నీరు ఇప్పుడు ఒకటికి రెండు చోట్ల నిలవుంటుంది. వాన వెలిశాక మూడు రోజులు కారేది వారం కారుతుంది. మేస్త్రీ గారిని తప్పుపట్టడం కాదు, పైన వాలు కావాలన్న ఆయన మాట నిజమే. పాతది తీయకుండా పోయడమే తప్పు.

పైపులూ, వాలూ

నన్నడిగితే మీ ఇంటి అసలు రోగం ఇక్కడుంది, దీని గురించి ఆ ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. అంగుళం వాన కురిస్తే మీ డాబా మీద పడేది దాదాపు 2,600 లీటర్లు. తుపాను రోజున గంటకి నాలుగంగుళాలు, అంటే 100 మి.మీ. ఉద్ధృతితో కురుస్తుందనుకుంటే, మూడంగుళాల పైపు ఒకటి సుమారు 220 చదరపు అడుగుల డాబా నీటినే లాగగలదు. నాలుగంగుళాల పైపైతే సుమారు 450 చదరపు అడుగులకి సరిపోతుంది. చూడ్డానికి అంగుళమే తేడా, పనిలో రెట్టింపు. మీ రెండు పైపులూ కలిసి 440 చదరపు అడుగులకే. మిగతా 660 అడుగుల మీద పడిన నీరు పైన నిలబడి, వాన తగ్గాక తీరిగ్గా దిగుతోంది. ఆ నిలబడిన నీరే దారి వెతుక్కుంటుంది.

కాబట్టి ఎదుటి వైపు నాలుగంగుళాల పైపులు ఇంకో రెండు పెట్టించండి. స్లాబు కోయొద్దు. పిట్టగోడ అడుగున బయటికి కన్నం తీసి, బయట గోడ వెంట పైపు దించితే చాలు. కన్నం కోర్ కటింగ్ మెషీనుతో (అదరకుండా గుండ్రంగా కోసేది) తీయించండి, ఉలితో పొడిస్తే గోడ మొదలు అదిరి కొత్త పగులు వస్తుంది. పైపు చుట్టూ మామూలు సిమెంటు కుక్కకూడదు, ఆరాక అది పైపుని వదిలేస్తుంది. ఆరినా ముడుచుకోని గ్రౌట్ (సందులు నింపే మసాలా) పోసి, గట్టిపడ్డాక పైపు చుట్టూ వేలెడు వెడల్పు గాడిలో పాలీయురేథేన్ సీలెంట్ (రబ్బరులా సాగే ముద్ద) పెట్టాలి. పైపు మూతి చుట్టుపక్కల గచ్చు కన్నా అరంగుళం నుంచి ముప్పావు అంగుళం కిందికి ఉండాలి. చాలా ఇళ్లలో మూతే ఎత్తుగా ఉంటుంది, దాని చుట్టూ పళ్లెమంత మేర నీళ్లు ఎప్పుడూ మిగిలే ఉంటాయి. మూతి మీద పరచినట్టుండే జాలీ వద్దు, ఒక్క కొబ్బరి మట్ట అడ్డంపడితే పూడిపోతుంది. బోర్లించిన గిన్నెలా పైకి లేచి ఉండే జాలీ పెట్టండి.

వాలు పది అడుగులకి అంగుళంపావు ఉండాలి. "కంటికి వాలు కనబడుతోంది" అన్నమాట నమ్మకండి. పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్లు పోసి లెవెల్ పట్టి చూడండి. పైపులు నాలుగైతే నీరు నడిచే దూరం తగ్గుతుంది, దూరం తగ్గితే వాలు కోసం పోసే గచ్చు మందమూ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది.

ఒక బకెట్ కోటింగ్

పెయింటు షాపాయన అమ్మే అక్రిలిక్ పూత చెడ్డదేం కాదు, ఆయన చెప్పిన కొలతే తప్పు. ఏ ద్రవమైనా లీటరు తీసుకుని చదరపు మీటరు మీద పరిస్తే మిల్లీమీటరు మందం వస్తుంది. అందులో దాదాపు సగం నీరు ఆవిరైపోతుంది. మీ 102 చదరపు మీటర్ల మీద 20 లీటర్ల బకెట్ పరిస్తే తడిగా 0.2 మి.మీ., ఆరాక 0.1 మి.మీ. నోటుపుస్తకం కాగితం మందం! ఎండకీ వానకీ చెప్పుల రాపిడికీ అది ఎన్నాళ్లుంటుంది? అర మిల్లీమీటరు పొర మిగలాలంటే మూడు కోట్లలో వంద లీటర్ల దాకా పడుతుంది, అంటే ఐదు బకెట్లు. అందులో ఎక్కువ నీళ్లు కలిపి "పలచగా బాగా పాకుతుంది" అనే పనివాడి మాట వినకండి. కలిపితే గిలితే మొదటి కోటులోనే, డబ్బా మీద రాసినంతే.

ఇంకో సంగతి. అక్రిలిక్ పూత మీద నీళ్లు పారాలి, నిలవకూడదు. రోజుల తరబడి నిలిస్తే మెత్తబడి పొక్కులు లేస్తుంది. వాలు లేని డాబా మీద అక్రిలిక్ వేయడం దండగ. ఏ మంచి అక్రిలిక్ అయినా మూడు నుంచి ఐదేళ్లకి ఇంకో కోటు అడుగుతుంది. అది తప్పు కాదు, దాని స్వభావం అంతే.

తెల్ల సిమెంటు, సిమెంటు పాలు పోసి చీపురుతో రుద్దడం కూడా ఈ కోవలోదే. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకి స్లాబేం తక్కువ తినదు. ముప్పై అడుగుల స్లాబు, పగటికీ రాత్రికీ దాని వేడిలో 30 డిగ్రీల తేడా అనుకుంటే, పొడవులో రెండున్నర మిల్లీమీటర్లకి పైగా పెరిగి తగ్గుతుంది. ఆ కదలికలో ఎక్కువ వాటా వచ్చి పడేది ఉన్న పగులు మీదే. రోజూ తెరుచుకుని మూసుకునే పగులులో సాగని సిమెంటు పోస్తే మళ్లీ అక్కడే చీలుతుంది. అందుకే పగులుకి సాగే పదార్థం కావాలి.

పిట్టగోడ మొదలు

మీ పడగ్గది మూలలో చెమ్మకి కారణం ఇదేనని నా గట్టి అనుమానం, మడి కడితే తేలుతుంది. స్లాబు కాంక్రీటు, దాని మీద నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. రెండూ ఎండకి ఒకేలా సాగవు, కాబట్టి కలిసేచోట అడ్డంగా సన్నటి చీలిక వస్తుంది. గచ్చు మీద ఎంత పూత వేసినా, గోడ మొదట్లో ఆపేస్తే నీరు ఆ చీలికలోంచే దిగుతుంది. ఆ మూలని 90 డిగ్రీల కోణంలో వదలకూడదు. ఒకటికి మూడు పాళ్ల సిమెంటు ఇసుకలో పాలిమర్ కలిపి, రెండు మూడంగుళాల మేర బోర్లా తిప్పిన దోసిలిలా కాదు, దోసిలి లోపలివైపులా వంపు కట్టాలి. పూతని ఆ వంపు మీదుగా గోడ పైకి ఒక అడుగు ఎక్కించాలి. పిట్టగోడ నెత్తిన పగుళ్లున్నా నీరు గోడలోపలి నుంచే దిగి మొదట్లోకి వస్తుంది. నెత్తి డాబా వైపుకి వాలుగా ఉండాలి, బయటికి కాదు. బయటికుంటే కొత్తగా వేసిన గోడ రంగు మీద చారలు పడతాయి.

పిట్టగోడ చీలికలో రావి మొక్క ఉంటే ఆకులు కోసి వదలొద్దు. మూడు నెలల్లో ఇంకా బలంగా వస్తుంది. ఆ చోట ప్లాస్టరింగ్ విప్పి వేరు మొత్తం లాగాకే మూయాలి.

ఊడిన పెచ్చు

"ప్లాస్టరింగ్ ఊడింది, మళ్లీ మెత్తుతాం" అనుకుంటారు. ఊడింది ప్లాస్టరింగ్ ఒక్కటే కాదు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది. తుప్పు, తాను పుట్టిన ఇనుము కన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది. ఆ ఉబ్బే కాంక్రీటుని కిందికి తోసేసింది. కోనసీమలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. పైన వాటర్‌ప్రూఫింగ్ చేస్తే కొత్త నీరు రాదు, కానీ పట్టిన తుప్పు పోదు.

పని ఇలా: వదులు కాంక్రీటు మొత్తం చిన్న ఉలితో తీయాలి. ఊచ పైభాగం కూడా కనిపించేలా, వెనక వేలు పట్టేంత సందు చేయాలి. సగం ఊచ కాంక్రీటులో వదిలేసి పైపైన రుద్దితే ఏడాదిలో పక్కన ఊడుతుంది. తీగల బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా తోమి, అదే రోజు జింక్ ప్రైమర్ రెండు కోట్లు. తర్వాత పాత కాంక్రీటుకి బాండింగ్ కోటు, అది జిగురుగా ఉండగానే పాలిమర్ కలిపిన మసాలా, ఒక్కో విడతకి అరంగుళం మించకుండా. వట్టి సిమెంటు ఇసుక మెత్తితే బరువుకి జారిపోతుంది. ఊచ తుప్పుకి బాగా సన్నబడి ఉంటే మేస్త్రీతో ఆగకండి, స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. అదనంగా ఊచ కట్టాలో, కింద ఆసరా ఇవ్వాలో ఆయన చెప్పాలి. ఇది తేలేదాకా ఆ పెచ్చు కింద మంచం వేయకండి.

రేకుల షెడ్డు

షెడ్డు వేస్తే వాన స్లాబు మీద పడదు, ఎండ తగలదు, నిజమే. బావమరిది గారు మరిచింది గాలిని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు వీచిన గాలి గంటకి 180 కిలోమీటర్ల లెక్కది. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. అర మిల్లీమీటరు రేకు బరువు చూస్తే చదరపు మీటరుకి నాలుగైదు కిలోలు. 20 అడుగులు పొడవు, 20 అడుగులు వెడల్పు షెడ్డుని గాలి ఐదు టన్నులకి పైగా బలంతో పైకి లాగుతుంది. పిట్టగోడకి నాలుగు బోల్టులు కొట్టి నిలబెట్టిన షెడ్డు, పోతూ పోతూ పిట్టగోడని కూడా పట్టుకుపోతుంది.

వేయాలనే అనుకుంటే స్తంభాలు సరిగ్గా కింది పిల్లర్ల మీదికే రావాలి, వట్టి స్లాబు మధ్యలో కాదు. పర్లిన్ల (రేకుల్ని మోసే అడ్డ కమ్మీల) మధ్య దూరం నాలుగడుగులు దాటకూడదు, అంచుల్లో ఇంకా దగ్గరగా ఉండాలి, గాలి ముందు లేపేది అంచునే. స్క్రూలు రేకు గట్టు మీద పడాలి, గాడిలో పడితే నీళ్లు పారే దారిలోనే కన్నం పెట్టినట్టు. కింద రబ్బరు వాషరు కొద్దిగా ఉబ్బేంత బిగిస్తే చాలు, చితికిపోయేలా బిగిస్తే ఎండకి చీలి కారుతుంది. స్లాబులో యాంకర్ బోల్టులకి వేసే ప్రతి కన్నమూ కొత్తగా కారే చోటే, కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ ముగిశాక షెడ్డు అనడం వెనక్కి నడవడం. షెడ్డు వేసేదుంటే దాని కాళ్లు ముందు, పూత తర్వాత.

మరికొన్ని అపోహలు, గబగబా. కూల్ టైల్స్ వేస్తే కారదనుకోకండి: టైలు నీరు పీల్చదు, దాని సందు పీలుస్తుంది, కింద వాటర్‌ప్రూఫ్ పొర లేకపోతే టైల్స్ కింద చెరువే. లోపలి నుంచి సీలింగుకి వాటర్‌ప్రూఫ్ పుట్టీ కొడితే మరక కనబడదు గానీ నీరు స్లాబులోనే ఉండిపోతుంది, ఇనుముని ఇంకా తీరిగ్గా తింటుంది. సిమెంటులో కలిపే వాటర్‌ప్రూఫ్ ద్రవం బస్తాకి 200 మి.లీ. చొప్పున వేస్తారు, అది కాంక్రీటుని కొంత బిగువు చేస్తుంది, పగుళ్లని ఆపదు. తారు ఫెల్టు (తారు పట్టించిన చాప) మంచిదే, ఎండకి వదిలేస్తే కాదు: మీద రాతి పలుకుల పొర ఉన్నదైనా తీసుకోవాలి, లేదా మీద గచ్చైనా వేయాలి.

మీ ఇంటికి పని వరస

ముందు పడగ్గది ఇనుము పని. తర్వాత పైన సుద్దతో గీసిన డొల్ల గచ్చు తీయించండి. సగానికి పైగా డొల్లే అయితే మొత్తం తీసేయడం మంచిది. పెద్ద బ్రేకరు మెషీను స్లాబు మీద వాడనివ్వొద్దు, చిన్న ఉలీ సుత్తీ చాలు. తీసిన రద్దు డాబా మధ్యలో పోగు వేయనివ్వకండి, ఏ రోజుది ఆ రోజే కిందికి దించాలి.

స్లాబు కడిగి ఆరాక పగుళ్లు బయటపడతాయి. ఒక్కో పగులునీ అంగుళంలో మూడో వంతు వెడల్పు, అంతే లోతు గాడి కోసి, దుమ్ము ఊదేసి, పాలీయురేథేన్ సీలెంట్ నింపి, పైన నాలుగంగుళాల ఫైబర్ జాలీ పట్టీ వేయాలి. తర్వాత కొత్త పైపులు, పిట్టగోడ మూల వంపు. ఆ మీద రెండు భాగాలుగా వచ్చే సిమెంటు పాలిమర్ పూత రెండు కోట్లు, ఒకటి నిలువుగా, రెండోది అడ్డంగా. చదరపు మీటరుకి ఒకటిన్నర నుంచి రెండు కిలోలు పడుతుంది. గోడ మీదికి ఎక్కే అడుగుతో కలిపి మీకు 170 నుంచి 230 కిలోలు లెక్క. పనివాడు 60 కిలోలతో ముగించాడంటే ఒక్క పలచటి కోటే పడిందని అర్థం.

ఇక్కడ ఒకసారి మళ్లీ మడి కట్టి చూడండి. లోపం ఉంటే ఇప్పుడు సరిచేయడం తేలిక, మీద గచ్చు పడ్డాక కష్టం.

తర్వాత వాలు గచ్చు, ఒకటికి నాలుగు పాళ్లు. సగటున అంగుళమున్నర మందం అనుకుంటే సిమెంటు సుమారు 30 బస్తాలు, ఇసుక 140 నుంచి 150 ఘనపుటడుగులు. బస్తాకి 125 గ్రాముల ఫైబర్ పొట్లం కలిపితే వెంట్రుక పగుళ్లు తగ్గుతాయి. గచ్చుని పదేసి అడుగుల గళ్లుగా విడగొట్టి, గళ్ల మధ్య సందుని సీలెంట్‌తో నింపాలి, పగలాల్సి వస్తే ఆ సందులోనే పగులుతుంది. మసాలాలో నీళ్లు ఎక్కువ పోయనివ్వకండి, ఉండ చేస్తే చేతికి నిలవాలి. ఇప్పుడు దొరికే సిమెంటు ఎక్కువగా బూడిద కలిసినదే కాబట్టి క్యూరింగు పది రోజులకి తగ్గొద్దు. బాగా ఆరాక కావాలంటే తెల్లటి అక్రిలిక్ పూత, వేడి తగ్గడానికి.

ఆరిందో లేదో తెలియడానికి అడుగున్నర పొడవూ వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం అడుగున చెమట పడితే ఇంకా ఆరలేదు. ఆ తడి మీద పూత వేస్తే ఎండలో ఆవిరి పైకి తన్ని బుడగలు లేస్తాయి.

ఎప్పుడు చేయించాలి? మనకి జూన్ నుంచి ఒక వాన, అక్టోబరు నుంచి తుపాన్ల వాన. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మార్చి ఆఖరికి ముగిస్తే మంచిది. రోహిణీ కార్తెలో పూత వేయించే పనైతే పొద్దున పదికి ముందూ సాయంత్రం నాలుగున్నర తర్వాతే. కాలే గచ్చు మీద పూత అంటుకోకముందే పైపైన ఆరిపోతుంది. మృగశిర వచ్చి మబ్బు పట్టాక హడావిడిగా మొదలెట్టే పనిలో క్యూరింగూ ఉండదు, ఆరడమూ ఉండదు. ఈ లోపు వచ్చే వానలకి పైపు మూతులు శుభ్రంగా ఉంచి, లావుపాటి టార్పాలిన్ పిట్టగోడ మీది నుంచి కిందికి పరిచి ఇటుకలు పెట్టుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

"పదేళ్ల గ్యారంటీ" కాగితం ఇస్తామంటే చదివి తీసుకోండి. చాలావాటిలో పూత డబ్బాకే హామీ ఉంటుంది, కూలికీ పగులుకీ ఉండదు. దానికన్నా డబ్బు మూడు విడతలుగా ఒప్పుకోండి. చివరి విడత, పని పూర్తయ్యాక డాబా మీద నీళ్లు పెట్టి 72 గంటలు ఉంచి, కింద ఫ్యాను డబ్బా విప్పి లోపల చెయ్యి పెట్టి పొడిగా ఉందని చూసుకున్నాకే. అంతకుముందు ఎం.సి.బి. దించడం మరిచిపోకండి.